కాళ్ళు తగలని చోటు

"దిగవే ఫర్హీన్, దిగు! ఈ పొగలో నువ్వు పోయేది లేదు."

హుమేరా స్కూలు వ్యాను తలుపు పట్టుకుని కూతుర్ని కిందికి లాగేసింది. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ బుసబుసా వచ్చి వీధంతా కమ్మేసింది. లోపల పిల్లలు టైలు ముక్కులకు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు.

డ్రైవరు సర్దార్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ముసలి బండి చెల్లెమ్మా. ముసలోళ్ళు దగ్గకుండా ఉంటారా ఏంది?"

"ఇది వ్యానా, ఇటుకల బట్టీనా?" పక్కింటి కరుణమ్మ తన మనవరాలు వెన్నెలను చెయ్యి పట్టుకుని దించేసింది. "ఒరేయ్ సర్దారూ, నిన్న బళ్ళో ఏమన్నారో అది చెప్పు ముందు."

సర్దార్ నసిగాడు. "రేపట్నుంచి పొగ బండి గేటు లోపలికి రావద్దన్నారు."

ఈ ఊరికి వచ్చే వ్యాను ఇదొక్కటే. ఇది ఆగితే ఫర్హీన్ చదువు ఆగినట్టే. "వ్యాను లేకపోతే ఇంటికాడే ఉంటదిలే, ఆడపిల్లేగా" అని హుమేరా మొగుడు తౌఫీక్ రాత్రే అనేశాడు.

"మరి బాగుచేయించవేం అన్నా?" అంది హుమేరా.

"ఇంజను విప్పాలంటే నావల్ల కాదు. పాత ఇనుముకి ఇచ్చేస్తా."

"ఇయ్యాలే చూపించాలి. పద, మేమూ వస్తాం!"

పిల్లల్ని ఆ పూటకి ఆటో ఎక్కించి పంపేసి, ఆడవాళ్ళిద్దరూ వ్యానులో కూర్చున్నారు. దారి పొడుగునా పొగ కక్కుకుంటూ బండి రాజుపాలెంలో మెకానిక్ అబ్దుల్ రహీమ్ షెడ్డు ముందు ఆగింది.

రహీమ్ ఇంజను గట్టిగా రేజ్ చేయించి, తెల్లగుడ్డ ఒకటి పొగగొట్టం దగ్గర పట్టాడు. గుడ్డ నల్లబడింది. వేళ్ళతో నలిపి చూశాడు.

"పొడి మసి. జిడ్డు లేదు. నీలం పొగైతే ఆయిలు కాలతన్నట్టు. తెల్లగా వస్తే నీళ్ళు దిగినట్టు. నలుపంటే డీజిలన్నా ఎక్కువ పడాల, గాలన్నా తక్కువ అందాల."

"రెండింట్లో ఏదంటావ్ బాబాయ్?"

"ఉండమ్మా. డాక్టరైనా నాడి చూడకుండా చెప్పడు."

"డాక్టరు నీలాగా బీడీ నోట్లో పెట్టుకుని చూడడులే," అంది కరుణమ్మ.

హుమేరా స్టూలు మీద కూర్చుంది. లేచింది. బండి చుట్టూ తిరిగొచ్చింది. ఫోను తీసి చూసి మళ్ళీ కొంగున కట్టుకుంది. రహీమ్ గాలి ఫిల్టరు విప్పాడు. అది శుభ్రంగానే ఉంది. డీజిలు కొట్టే నాజిళ్ళు ఊడదీసి, కడిగి, మళ్ళీ బిగించాడు. స్టార్ట్ చేస్తే అదే నల్లపొగ.

"చెప్పలా? ఇంజనే పోయింది," అన్నాడు సర్దార్. "రేపు ఇనుప సామాన్లోడికి ఫోన్ చేస్తా."

"నీ నోట్లో దుమ్ము పడ! పిల్ల బడి నీకు ఇనుప సామానంత అలుసయిందా అన్నా?" హుమేరా సర్దార్ మీదికి వెళ్ళింది.

రహీమ్ వాళ్ళ మాటలు వినడం లేదు. బాడీ పక్కనుంచి ఫిల్టరుకు గాలి తెచ్చే లావుపాటి రబ్బరు గొట్టం ఉంది. దాన్ని ఫిల్టరు దగ్గర ఊడబెరికాడు.

"ఇప్పుడు స్టార్ట్ చెయ్."

ఒక్కసారి భుస్సుమని నల్లపొగ వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఎంత రేజ్ చేసినా గొట్టం చివర సన్నగా వేడిగాలే.

"యా అల్లా!" హుమేరా స్టూలు మీద కూలబడింది.

"ఇంజను బంగారం. ఈ గాలి గొట్టంలో ఏదో ఇరుక్కుంది. ఊపిరాడక నల్లగా కక్కతంది."

"ఎవుడో కుక్కుంటాడు! పిల్లల ఉసురు పోసుకునే ఎదవ, వాడి చేతులు పడిపోను!" హుమేరా మెటికలు విరిచింది.

రహీమ్ ఇనప తీగె కొస వంచి గొట్టంలోకి దోపి లాగాడు. మసిపట్టిన ఆకుపచ్చ గుడ్డ ముక్క, జరీ అంచుతో సహా బయటికొచ్చింది.

హుమేరా మెటికలు విరిచిన చేతుల్ని మెల్లగా కిందికి దించింది.

"దర్గా చాదర్ ముక్క... నేనే పెట్టా," అంది నేలచూపులు చూస్తూ. "సీటు వెనక పైన, జాలీ సగం ఊడిన కంత ఉందిగా. పిల్లలు క్షేమంగా పోయి రావాలని పెట్టా. పవిత్రమైంది గదా, కాళ్ళు తగలని చోటని..."

"అది కంత కాదమ్మా, ఇంజను గాలి పీల్చే ముక్కు!"

కరుణమ్మ పగలబడి నవ్వింది. "నీ భక్తి బంగారం గానూ! ఎవరైనా ముక్కులో గుడ్డ కుక్కుతారటే?"

తీగె మళ్ళీ లోపలికి పోయింది. ఈసారి నూనె మరకలున్న తెల్ల చేతిరుమాలు వచ్చింది. మూలన ఎర్రదారంతో శిలువ కుట్టి ఉంది.

కరుణమ్మ నవ్వు ఆగిపోయింది.

"పాస్టరుగారు ప్రార్థన చేసిచ్చిన రుమాలు," అని గొణిగింది. "తొక్కుడు పడని చోటు నాకు మాత్రం ఇంకేడ దొరికిద్ది?"

సర్దార్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "ఇటుకల బట్టీ నాదన్నారే! నిప్పెట్టింది మీరిద్దరూ గదా!"

"నవ్వొద్దులే," అని హుమేరా తీగె వైపు చెయ్యి చూపింది. "ఇంకోటేందో వస్తంది."

అన్నిటికన్నా అడుగునుంచి నల్లగుడ్డ మూట ఒకటి ఊడిపడింది. ముడి విప్పితే లోపల పటిక ముక్క. దిష్టి మూట.

ఇద్దరూ ఒక్కసారే సర్దార్ మీదికి తిరిగారు.

"నా పిల్లల తోడు, నాది కాదు!" సర్దార్ రెండు చేతులూ ఎత్తేశాడు.

రహీమ్ తీగె కింద పెట్టాడు. మసిగుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"అది నాదేలేమ్మా. జాలీకి కట్టా. మీ గుడ్డలు లోపలికి తోసేసినట్టున్నయ్."

"బండి బాగుచేసేవాడివి, నువ్వెందుకు కట్టావ్ బాబాయ్?"

రహీమ్ తలెత్తకుండా అన్నాడు: "మొన్న ఈ బండి బ్రేకులు బాగుచేసింది నేనే గదమ్మా."