పదికి పది

"పది పనుల్లో ఒక్కటి తప్పినా మీ కాంట్రాక్టు ఇవాళ్టితో సరి," అన్నాడు మేనేజరు, ఆమె రాసిన నలభై పేజీల మాన్యువల్‌ని బల్ల మీద పడేస్తూ.

ఎక్కడో ఉన్న ఫోన్‌ని ఏఐ ఏజెంటు దూరం నుంచే నడిపించే సాధనం ఒకటి ఆ కంపెనీ తయారుచేసింది. టార్చి వెలిగించాలన్నా, ఫోటో తీయాలన్నా, మెసేజ్ పంపాలన్నా ఏ కమాండు ఎలా కొట్టాలో ఏజెంటుకు నేర్పేదే ఆ మాన్యువల్. పని స్క్రీన్ మీద కనబడగానే, ఎవరూ గుర్తుచేయకుండా మొదలుపెట్టాలని మొదటి పేజీలోనే రాసింది. యంత్రం చదివే పుస్తకాన్ని యంత్రమే రాసుకుంటుంది కదా, మధ్యలో ఈవిడెందుకని మేనేజరు అనుమానం. ఆయనకు రాని అనుమానం లేదు. దొంగచాటుగా సాయం చేస్తుందేమోనని ల్యాప్‌టాప్ కూడా ఇంట్లో వదిలేసి రమ్మన్నాడు.

"నా పుస్తకం తప్ప ఇంకేమీ తెలియని ఏజెంటునే కూర్చోబెట్టండి సార్," అందామె. మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ ధైర్యం ఊరికే రాలేదు. వారం రోజులుగా అత్తగారి చేత ప్రతి పేజీ చదివించి, కంపెనీ టెస్ట్ ఫోన్‌కు కలిపి ఉన్న తన ల్యాప్‌టాప్ మీద ప్రతి కమాండూ కొట్టించింది. ఆవిడ రిటైరైన టైపిస్టు. రాసింది రాసినట్టు కొడతారు, రాయనిది చచ్చినా కొట్టరు. ఎక్కడైనా మాట తక్కువైతే చేతులు ముడుచుకు కూర్చునేవారు. అలా చీవాట్లు తిని దిద్దుకున్న తప్పులకు లెక్కలేదు.

ఏజెంటును ఆన్ చేయడానికి ఇంజనీరు పై అంతస్తుకు పరిగెత్తాడు. టెస్ట్ ఫోన్‌ని బల్ల మధ్యలో పెట్టారు. ఆఫీసు ఆఫీసంతా చుట్టూ మూగింది. మేనేజరు మొదటి పని టైప్ చేశాడు: బ్యాటరీ ఎంతుందో ఫోన్ చేత చెప్పించాలి.

నిమిషం గడిచింది. ఫోన్‌లో చలనం లేదు. మేనేజరు వాచీ చూసుకున్నాడు.

"అరవై నాలుగు శాతం," అంది ఫోన్, తన రేకు గొంతుతో.

చప్పట్లు మోగాయి. మరీ నిదానమని మేనేజరు సణిగితే, ఇప్పుడే కదా పుస్తకం తెరిచింది, చదువుకోనివ్వండని ఆమె సర్దిచెప్పింది. తర్వాత టార్చి వెలిగింది. అలారం మోగింది. మేనేజరు జేబులోని సొంత ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఒక్కో పనికీ కేకలు పెరుగుతున్నాయి. ఎవరో ఇద్దరు పందెం కూడా వేసుకున్నారు.

ఆరో పని ఫోటో. కెమెరా బల్లకు ఆనుకుని ఉండటంతో అంతా నల్లగా వచ్చింది. అయిపోయింది నా పని అనుకుని ఆమె కళ్లు మూసుకుంది. అంతలో ఫోన్ మాట్లాడింది.

"ఏమీ కనబడటం లేదు. కాస్త ఎత్తి పట్టుకో బాబూ."

మేనేజరు నోరు తెరిచి, బుద్ధిమంతుడిలా ఫోన్‌ని ఎత్తి పట్టుకున్నాడు. ఫోటో అద్దంలా వచ్చింది. నల్లగా వస్తే దగ్గరున్నవాళ్లకు చెప్పమని ఆమె రాసిన మాట నిజమే. 'బాబూ' అని మాత్రం ఎక్కడా రాయలేదు. ఈ కాలపు ఏజెంట్లకు మర్యాద కూడా వచ్చేసిందని మురిసిపోయింది.

పదో పనిలో మేనేజరు తిరకాసు పెట్టాడు. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ చెరిపేయమన్నాడు. నిజంగానేనా అని ఫోన్ అడిగింది. అవునని టైప్ చేశాడు. ఇంకోసారి ఆలోచించుకుని చెప్పమంది. సరిగ్గా ముప్పై ఎనిమిదో పేజీలో ఉన్నట్టే, రెండుసార్లూ అడిగాకే చెరిపింది.

పదికి పది. ఆఫీసు దద్దరిల్లింది. మేనేజరు అప్పటికప్పుడు రెండేళ్ల కాంట్రాక్టు తెప్పించి సంతకం పెట్టాడు. మనసు విప్పి ఒక మాట కూడా అన్నాడు, ఆయన నోట ఎవరూ ఎప్పుడూ వినని మాట.

"ఇంత విడమరిచి రాయడం యంత్రాల వల్ల కాదమ్మా."

ఆమెకు సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే ఇంజనీరు మెట్లు దిగి ఆయాసపడుతూ వచ్చాడు.

"సారీ సార్, ఏజెంటు ఇంతసేపూ మొరాయించింది. ఇప్పుడే ఆన్ అయింది. ఇక పరీక్ష మొదలుపెడదామా?"

అందరి తలలూ ఒక్కసారిగా బల్ల వైపు తిరిగాయి. బల్ల మీద ఫోనే మళ్లీ గొంతు విప్పింది.

"పుస్తకంలో ఉన్నట్టే పదీ చేసేశానమ్మాయ్, ఇక నీ ల్యాప్‌టాప్ ఆపేసి నేను భోంచేయనా?"