సరస్సు వైపు, అడవి వైపు

"ఎడమకన్నానా లేదా?"

"ఎడమకే తిప్పాను."

"నా ఎడమకి, లైల్."

నోరీన్ ఆ మాట పూర్తి చేసేలోపే ట్రైలర్ వెనక మూల వెళ్లి నీళ్ల కుళాయి గుంజకి తగిలింది. గుంజ తాపీగా పక్కకి ఒరిగింది. చుట్టుపక్కల మడత కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా కాఫీ తాగడం ఆపి చూశారు. మిషిగన్‌లో ఆ సరస్సు ఒడ్డున, బండి వెనక తగిలించుకొచ్చిన ఇంటి ట్రైలర్లు దించుకున్నవాళ్లకి సాయంత్రం పూట అదే కాలక్షేపం. కొత్తగా వచ్చినవాళ్లు బండి వెనక్కి పెట్టుకోలేక పడే పాట్లు టీవీకంటే బాగుంటాయి.

"నా అద్దంలో కనబడకుండా ఎక్కడో నిలబడి చేతులూపితే నాకేం తెలుస్తుంది?" అన్నాడు లైల్ కిటికీలోంచి.

"అక్కడ నిలబడమన్నది నువ్వే."

అది నాలుగో ప్రయత్నం. లైల్ బండిని ముందుకు తీసి దారి పక్కన ఆపేశాడు. ఇరవై ఆరేళ్లపాటు అతనిది ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ, ఆమెది బడి వంటగదిలో పగటి డ్యూటీ. ఒకే ఇంట్లో ఉంటూ ఆదివారాలు మాత్రమే కలిసి భోంచేసిన మొగుడూ పెళ్లాలు. మొన్న వసంతంలో ఇద్దరూ పని మానేశారు. ఈ వేసవంతా కలిసి తిరుగుదామని మురిసిపోతూ ట్రైలర్ కొన్నారు. ఇది మొదటి మజిలీ.

"రేపు పొద్దున బస్సుకి మా అక్క దగ్గరికి పోతాను," అంది నోరీన్. కోపంగా అనలేదు. అందుకే లైల్‌కి భయం వేసింది. "నీ ట్రైలర్‌తో నువ్వు తిరుగు. మనకి ఆదివారాలే నయం."

ఆమె సరస్సు ఒడ్డుకి వెళ్లి ఏడుపు ఆగేదాకా నిలబడింది. అతను గుంజ సంగతి చెప్పుకోవడానికి తల వంచుకుని క్యాంపు ఆఫీసుకి నడిచాడు.

నోరీన్ తిరిగొచ్చేసరికి దారికి అడ్డంగా ఇంకో ట్రైలర్ ఉంది. పాతదే కానీ దాని ఒంటి మీద ఒక్క గీత లేదు. ముందున్న పికప్ ట్రక్కులో డెబ్భై దాటిన ముసలాయన, ఎదురు స్థలంలోకి వెనక్కి పెట్టాలని అవస్థ పడుతున్నాడు. ఆ స్థలంలో గడ్డి మీద ట్రైలర్ పొడవున పసుపు మచ్చ. పొద్దున్నే ఎవరో ఖాళీ చేసి వెళ్లి ఉంటారనుకుంది నోరీన్.

"కుడికి, వెండెల్. అబ్బే, ఆ కుడికి కాదు," అంటోంది ముసలాయన భార్య, చేతిలో ఊలు అల్లికతో.

ట్రైలర్ వంకర తిరిగి చెట్టుకి జానెడు దూరంలో ఆగింది. ముందుకి తీసి మళ్లీ వచ్చాడు. ఈసారి కుళాయికి జానెడు దూరంలో ఆగింది. కుర్చీల్లోవాళ్లలో ఒక్కరూ అటు చూడలేదు. ఒకావిడ మాత్రం నవ్వు దాచుకోవడానికి పత్రిక అడ్డం పెట్టుకుంది. నోరీన్‌కి ఒళ్లు మండింది.

"అక్కడ నిలబడితే ఆయన అద్దంలో మీరు కనబడరండీ," అంది ముసలావిడతో. "ఇందాక నేనూ అదే తప్పు చేశాను. ఇటు రండి."

"నువ్వే చెప్పమ్మా కాస్త. ఓపల్ మాట వింటే నేను నీళ్లలో తేలతాను," అన్నాడు వెండెల్. "కుడి, ఎడమలు మాత్రం వద్దు. ఎదురుగా ఉన్నవాళ్ల కుడి నాకు ఎడమ. నా బుర్రకి అంత లెక్క పట్టదు. సరస్సు వైపో, అడవి వైపో చెప్పు."

అంతలో లైల్ వచ్చాడు. ముసలాయన అతన్ని కేకేసి పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు.

"స్టీరింగ్ కింద భాగం పట్టుకుంటే, చెయ్యి ఎటు పోతే ట్రైలర్ తోక అటు పోతుందని ఎవరో అన్నారయ్యా. నిజమేనంటావా?"

"ఏమో. చూస్తే పోలా."

"అయితే నువ్వే చూడు. నా మెడ పట్టేసింది."

ఇద్దరూ సీట్లు మారారు. స్టీరింగ్ ఎదుట బల్లలాంటి అంచు మీద నిండా పోసిన కాఫీ కప్పు ఉంది. అంత గందరగోళంలోనూ చుక్క ఒలకలేదు. ఎందుకైనా మంచిదని లైల్ దాన్ని ఆయన చేతికిచ్చి, స్టీరింగ్ కింద చెయ్యి వేశాడు.

"అడవి వైపు, కొంచెం," అంది నోరీన్.

"ఇంతా?"

"ఇంకాస్త. ఇప్పుడు సరస్సు వైపు. నెమ్మదిగా. చాలు, ఆపు."

ట్రైలర్ సరిగ్గా ఆ పసుపు మచ్చ మీద కూర్చుంది. కుర్చీల్లోంచి చప్పట్లు వినబడ్డాయి. లైల్ అద్దంలోంచి భార్యని చూశాడు. ఆమె కూడా అతన్నే చూస్తోంది. ఆ ఊపులో సొంత ట్రైలర్‌ని ఒక్క దెబ్బలో పెట్టేశారు.

పావుగంట కాకముందే ఓపల్ చెర్రీపళ్లు కూరి ఓవెన్‌లో కాల్చిన పై అనే తీపి రొట్టె పట్టుకొచ్చింది. ఇంకా పొగలు కక్కుతోంది. నలుగురూ కూర్చుని పళ్లెం ఖాళీ చేశారు. వాళ్లు వెళ్లాక లైల్ నేల చూపులు చూస్తూ అడిగాడు.

"రేపు బస్సు ఎన్నింటికి?"

"ఏ బస్సు?" అంది నోరీన్.

నాలుగో రోజు లైల్, నోరీన్ తర్వాతి ఊరికి బయల్దేరారు. పికప్‌లో పక్కపక్కనే కూర్చుని, కిటికీలోంచి చేతులు ఊపుతూ వెళ్లారు. వెండెల్, ఓపల్ కుర్చీల్లోంచి చేతులు ఊపారు. వాళ్లు మలుపు తిరిగారో లేదో, మరో పికప్ కొత్త ట్రైలర్‌ని లాక్కుంటూ లోపలికొచ్చింది. కాసేపటికి మగగొంతు ఒకటి, "కుడికన్నానా లేదా?" అని అరిచింది. ఆడగొంతు అంతకంటే గట్టిగా జవాబిచ్చింది.

ఓపల్ అల్లిక పక్కన పెట్టింది.

"లే వెండెల్, ట్రైలర్ బయటికి తియ్యి. మనకి మళ్లీ బండి పెట్టడం రాదు."