భుజం పట్టుకుని దాటండి

"సాయిబు గారూ, గేటెత్తండి. రైలొచ్చింది."

చెయ్యి కడుక్కోవడానికొచ్చిన కుర్రాడి మాటకి హోటలంతా నవ్వింది.

మాబు అడ్డంగా పెట్టిన చేతికర్ర పక్కకి తీశాడు.

"భుజం పట్టుకుని దాటు నాయనా."

బందరు కోనేరు సెంటరు దగ్గరి ఆ కాఫీ హోటల్లో రోజూ ఇదే వరస. కుళాయి దగ్గరికి తిరిగే మలుపులో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటాడు మాబు. ఆయన ఎడమకాలు వంగదు. ఎవరొచ్చినా ముందు కర్ర అడ్డం పెడతాడు. భుజం మీద చెయ్యి వేశాక గానీ వదలడు. తాగిన కాఫీకి మాత్రం డబ్బులివ్వడు.

తండ్రి పోయాక హోటల్ శోభనాద్రి చేతికొచ్చింది. తల్లికీ, పెళ్ళి కావలసిన చెల్లెలికీ అతనే దిక్కు, అతనికి ఆ హోటలే దిక్కు.

మాబుకి కాఫీ ఊరికే ఎందుకిస్తున్నావని పాత సర్వరు రత్తయ్యని నిలదీశాడు. నాన్నగారు ఇమ్మన్నారని రత్తయ్య ఏదో చెప్పబోయాడు.

"నాన్నగారి మొహమాటాలు నాన్నగారితోనే పోయాయి" అన్నాడు శోభనాద్రి.

దారికి అడ్డంగా ఉంటోంది, రేపట్నుంచి రావద్దని మాబుకి మెల్లగానే చెప్పాడు.

మాబు లేచాడు. ముక్కాలిపీట గోడవారకి జరిపాడు.

"వానాకాలం బాబూ. మలుపులో ఆ బండని కాస్త కనిపెట్టుకుని ఉండండి."

దారి ఖాళీ అయింది. వచ్చేవాళ్ళకి హాయిగానే ఉంది.

ఆ నెల తిరక్కుండానే, కాఫీకొచ్చిన జ్ఞానయ్య మాస్టారు అదే మలుపులో జారిపడ్డారు. తుంటి విరిగింది. బడికి వెళ్ళలేని మనిషి ఏం చేస్తాడు? నష్టపరిహారం ఇప్పించమని నోటీసు పంపారు. ఆయన అడిగింది ఇవ్వాలంటే హోటల్ అమ్ముకోవాలి.

శోభనాద్రి తరఫు ప్లీడరు గోవర్ధనరావు గారు స్వయంగా వచ్చి బండ చూశారు. కడిగిన నీళ్ళన్నీ అటే వాలుతున్నాయి. నాపరాయి మీద ఎప్పుడో ఉలితో కొట్టించిన గాట్లు అరిగిపోయి నునుపు తేలాయి.

"ఇక్కడ జారుతుందని మీకు ముందే తెలిసుంటే ఇక తప్పించుకోలేం. తెలుసా?"

"తెలీదండీ. ఇంతవరకు ఇక్కడ ఎవరూ పడలేదు."

ఆ మాటే కోర్టులో చెప్పించాలని రత్తయ్యని పిలిచారు.

"మాబు గారు కూర్చున్నన్నాళ్ళూ ఎవరూ పడలేదండీ" అన్నాడు రత్తయ్య.

 మాబుని వెంటనే పిలుచుకు రమ్మన్నాడు శోభనాద్రి.

"ఎక్కడికెళ్ళి పిలవను బాబూ? మొన్న శుక్రవారమే మట్టిచ్చి వచ్చాం."

 గోడవారన ముక్కాలిపీట అలాగే ఉంది.

"ఆయన మీ పనివాడా? జీతమేమైనా ఇచ్చేవారా?" అడిగారు ప్లీడరు గారు.

రత్తయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఆయన కాలు విరిగింది ఈ బండ మీదేనండీ. కోర్టుకెక్కొద్దు, ఏం కావాలన్నా ఇస్తానని బాబు గారి నాన్నగారు చేతులు పట్టుకుంటే, రోజూ ఓ కాఫీ ఇప్పించి, ఇంకెవరూ పడకుండా ఈ మలుపులో కూర్చోనిస్తే చాలన్నారు."