ఈ పూటకి తినవే

బియ్యం మిల్లు వాకిట్లో అక్కాచెల్లెళ్లయిన రెండు పావురాలు ఉండేవి. రాలిన నూకలు తిని తిని రెంటికీ ఒళ్లు బరువెక్కింది. ఒకరోజు పిల్లి దూకితే చెల్లెలు రొప్పుతూ ఎలాగో గోడెక్కి బతికింది.

ఆ భయంతో తిండి మొత్తం మానేసింది. కళ్లు తిరిగి పడిపోయింది.

"కడుపు మాడ్చుకుంటే రెక్కకి బలమెక్కడిది?" అని కసిరింది చూరులోని ముసలి పిచ్చుక. "పొద్దున్నే చేలోకి ఎగిరెళ్లి ఏరుకు తిను. సాయంత్రం మానెయ్."

చెల్లెలు అలాగే చేసింది. మెల్లగా ఒళ్లు తేలికపడింది.

అక్కకి మాత్రం ఒకటే బెంగ. రోజూ సాయంత్రం ముక్కున నూకలు కరుచుకుని, బస్తాల మీదుగా ఆయాసపడుతూ గూటికి తెచ్చేది.

"చిక్కి సగమయ్యావు. నా మీద ఒట్టు, ఈ పూటకి తినవే."

"వద్దక్కా. నువ్వే నాతో చేలోకి రా."

"రేపట్నుంచి వస్తాలే."

ఒక సాయంత్రం అక్క చెల్లెలి కోసం నూకలు ఏరుతుండగా పిల్లి మళ్లీ దూకింది. అక్క రెక్కలు టపటపా కొట్టుకుంది కానీ ఒళ్లు లేవలేదు. ముక్కున ఉన్న నూకలు నేల మీద రాలాయి.

మర్నాడు చేలోకి వెళ్లే వేళైనా చెల్లెలు గూట్లోంచి కదల్లేదు. ఆ రోజు ఉపవాసం ఒళ్లు తగ్గడానికి కాదు.