సముద్రపు గాలం

చుట్ట మళ్లీ ఆరిపోయింది. ఈమధ్య బరంపురంలో అమ్మే చుట్టలన్నీ ఇంతే.

ఆ సోమవారం నా మనవరాలు సీతాలు గోపాలపూర్‌లో మా ఇంట్లో జ్వరంతో పడుకుని ఉంది. దాని అత్తారింటి ఊరు ఖల్లికోట నుంచి మామగారు తవిటయ్య దిగాడు. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"మావా, నాట్లకి మనిసి నేదు. సాయంత్రం రైలుకి పిల్లని పంపీండి."

"అదింకా మంచం దిగనేదు."

"మడిలోకి దిగితే జొరం అదే పోద్ది."

నాకు ఒళ్లు మండింది. అయినా నవ్వాను.

"రైలుకింకా టైముంది గదా. సిలకా సరస్సులో సేపపిల్లలు పట్టీసినోడివి, సముద్రంలో ఒక్కటి పట్టి సూపించు."

"ఏటి, నాకు సేతకాదనా?" అని లేచాడు.

ఒడ్డున ఎర కట్టి, గాలం నేనే విసిరి ఇచ్చాను.

"కెరటం ఎంత లాగినా దారం ఎత్తకు. పెద్ద సేప నెమ్మదిగా మింగుద్ది."

పంతంతో పొద్దు వాలేదాకా కదల్లేదు. రైలు వెళ్లిపోయింది.

"రేపు పొద్దున్న బండికి తీసుకెల్తాను," అని అరిచాడు.

"రేపు మంగళారం. పుట్టింటి నుంచి ఆడపిల్లని పంపుతారేటి? మీ ఇంట్లో పంపుతారా?"

తిట్టుకుంటూ ఒక్కడే పోయాడు. దారం చుట్టింది కూడా నేనే కాబట్టి, గాలానికి అసలు ముల్లే కట్టలేదని ఆయనకి తెలీదు.