ఒక్క బంతి, కోచ్!

"బంతులు కింద పెట్టి అందరూ ఇలా రండి. మీకో మాట చెప్పాలి," అంది కోచ్ హ్రుస్కా, జిమ్ తలుపు తోసుకుని వస్తూనే.

కాలేజీ ప్రెసిడెంటు పిలిస్తే వెళ్లి అప్పుడే వస్తోంది ఆవిడ. మొహంలో నెత్తురు చుక్క లేదు. సీజన్ ఇలా మొదలైందో లేదో, ఆడిన ప్రతి మ్యాచీ ఓడిపోయారు. చీవాట్లు తప్పవని అమ్మాయిలంతా తలలు దించుకున్నారు.

"ఒక్క బంతి, కోచ్!" అంది కెప్టెన్ టెస్సా.

ఆ వాలీబాల్ జట్టులో అదొక ఆచారం. కెప్టెన్ బంతిని అవతలి నేల మీద బాదితే తప్ప ప్రాక్టీసు ముగియదు. కోచ్ కానిమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

బంతి లేచింది. టెస్సా ఎగిరి కొట్టింది. వల అవతలున్న మార్లిస్ అడ్డుకోవడానికి ఎగరనే లేదు. బంతి వైపు చూడను కూడా లేదు. వల కిందుగా తన కాలు చాపి, సరిగ్గా టెస్సా దిగే చోట పెట్టింది.

ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆ వెంటనే టెస్సా కేక. ఆమె పాదం ఉండాల్సిన వైపు లేదు.

"నేను చూశా! కావాలనే పెట్టింది!" అని అరుస్తూ జోలీన్ వల కింద నుంచి దూరింది. జట్టులో అందరికన్నా పొడుగు, అందరికన్నా మొరటు. మార్లిస్ జుట్టు పట్టుకుని లాక్కెళ్లి వల కట్టిన స్తంభానికేసి కొట్టింది. ముక్కులోంచి నెత్తురు బుస్సున చిమ్మింది.

"దాని చోటు కావాలంటే ఆడి తీసుకోవే! కాలు విరిచి తీసుకుంటావా?"

మార్లిస్ ఆడేదీ టెస్సా చోటే. అందుకే ఎప్పుడూ బెంచీ మీదే కూర్చునేది. ఇక ఎవరికీ వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఒకమ్మాయి అంబులెన్సుకి ఫోన్ చేస్తుంటే, తక్కినవాళ్లంతా మార్లిస్ మీద పడ్డారు. ఒకతె డొక్కలో తన్నింది. ఒకతె వేళ్లు తొక్కింది. గుంపుగా పడి ఒకర్ని కొట్టేటప్పుడు న్యాయం ఎవరికి గుర్తుంటుంది? చేతులకు ఊపు వస్తుంది, అంతే.

"దానికిదే ఆఖరి ఏడాది, దొంగమొహమా! ఇంకొక్క ఏడాది ఆగలేకపోయావా? అప్పుడా చోటు నీకే వచ్చేదిగా!"

మార్లిస్ చెయ్యైనా అడ్డం పెట్టుకోలేదు. ఊడిన పన్ను ఉమ్మేసి, నేల మీద పడున్న టెస్సా వంకే చూస్తోంది.

"ఆపండి!" కోచ్ ఇద్దర్ని పక్కకి లాగిపారేసింది. కానీ మార్లిస్‌ని చూడగానే ఆవిడకూ కోపం ఆగలేదు. "నువ్వు మళ్లీ ఈ గడప తొక్కావంటే పోలీసుల్ని పిలుస్తాను."

"గడప తొక్కడానికి కాళ్లుంటే కదా!" అంది జోలీన్. వల బిగించే ఇనుప పిడిని స్తంభంలోంచి ఊడబెరికి, రెండు చేతులా పైకెత్తింది.

"వద్దే, జోలీన్!" టెస్సా నేల మీద పాకుతూ గొంతు చించుకుంది. "కాలు పెట్టమన్నది నేనే!"

పిడి గాల్లోనే ఆగిపోయింది.

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నావు కదే," అంది మార్లిస్, పగిలిన పెదవుల్లోంచి. "నువ్వే చెప్పేశావేంటే!"

టెస్సా పళ్లు బిగబట్టి ఒక్కొక్క మాటే కూడగట్టుకుంది. "సీజన్ మొదట్లోనే ఎముక విరిగి ఆటకి దూరమైతే ఈ ఏడు లెక్కలోకి రాదు. ఇంకో ఏడాది ఆడనిస్తారు. వచ్చే ఏడు మా చెల్లి బ్రిట్ ఈ జట్టులోకే వస్తోంది. గాదె వెనకాల వలకి బదులు తాడు కట్టుకుని ఆడిన రోజుల్నుంచీ మా అక్కచెల్లెళ్లకి ఒకటే పిచ్చి. అది బంతి అందించాలి, నేను కొట్టాలి. ఈ జిమ్‌లో, ఈ జెర్సీలో. ఒక్క సీజన్ చాలనుకున్నా."

"చచ్చినా చెయ్యనన్నాను," అంది మార్లిస్. "కాళ్లు పట్టుకుని ఏడ్చింది."

జోలీన్ చేతిలోంచి పిడి జారి నేల మీద మోగింది. ఆ మొరటుపిల్ల మోకాళ్ల మీద కూలబడి, తన జెర్సీ అంచుతో మార్లిస్ మొహం తుడవసాగింది. తుడిచేకొద్దీ నెత్తురు వస్తూనే ఉంది. "కొట్టవే నన్ను. నీ పన్నుకి నా పన్ను రాలగొట్టు," అని వెక్కివెక్కి ఏడ్చింది.

"కావాలని చేశామని తెలిస్తే ఆ ఏడాది ఇవ్వరు," అంది టెస్సా. "దీని దెబ్బలన్నీ వృథా అయిపోతాయి."

"ఎవరికి తెలుస్తుందే?" జోలీన్ ముక్కు ఎగబీల్చింది. "కాలు జారింది. ఇది ప్రమాదం. ఈ మాట ఈ గోడలు దాటిందో, దాటించినదాని సంగతి నేను చూస్తా. వచ్చే ఏడు బ్రిట్ బంతి లేపుతుంది, టెస్సా కొడుతుంది, మనం కప్పు పట్టుకొస్తాం. వెయ్యండే చేతులు!"

టెస్సా చేతి మీద మార్లిస్ నలిగిన వేళ్లు పెట్టింది. దాని మీద జోలీన్, ఆ పైన మిగతావాళ్లు. ఒక్క చెయ్యి మాత్రం పడలేదు. బయట అంబులెన్సు కూత దగ్గరవుతోంది.

"మీరూ వెయ్యండి, కోచ్. ఒట్టు!" అంది జోలీన్.

కోచ్ చెయ్యి లేవలేదు. ఆవిడ టెస్సా పాదం వంక చూసింది. మార్లిస్ మొహం వంక చూసింది.

"ఇందాక మీకు చెప్పాలనుకున్న మాట..." అంది ఆవిడ. "వచ్చే ఏటి నుంచి ఈ కాలేజీలో వాలీబాల్ జట్టు ఉండదమ్మా."