పొగగొట్టం

ఎల్లస్వామి పని నుంచి వచ్చేసరికి వంటిల్లంతా పొగ. తాను కట్టిన పొగలేని పొయ్యి గొట్టంలో ఎవరో చీరపేలికలు కుక్కారు. ఎవరో ఏమిటి, తల్లి ఈదమ్మే.

“మళ్లా కుక్కినవా? ఒక కన్ను పోయె. గీ పొగకు రెండోది గూడ పోతదని దవాఖానల జెప్పలేదా?”

“జెప్పిండ్రు కొడుకా.”

“మరేం రోగం? వాడకట్టంత గివే పొయ్యిలు కట్టిచ్చిన. అందరు సుఖంగ వండుకుంటున్నరు. నువ్వొక్కదానివే మొండి!”

పేలికలు పీకి విసిరికొట్టాడు.

“జర పైకి జూడు,” అంది ఈదమ్మ.

దూలం నిండా విత్తనపు జొన్నకంకులు వేలాడుతున్నాయి. తమది ఒక్క గుత్తే. మిగతావన్నీ వాడకట్టువాళ్లవి.

“పొగ తగలకుంటె ఇత్తనాలకు పురుగు వడ్తది. వాళ్లిండ్లల్ల పొగ లేకుంట జేస్తివి. ఇగ యాడ గడ్తరు? వాన పడ్డంక ఏం ఇత్తుతరు?”

“వాళ్ల గొట్టాలల్ల వాళ్లనే కుక్కుకోమను!”

“పసిపిల్లలున్న ఇండ్లు కొడుకా. గీడనైతే పొయ్యేది ఒక్క కన్నే.”

ఎల్లస్వామికి పొయ్యిని తన్నాలనిపించింది. తన్నలేదు. పేలికలు ఏరుకొచ్చి, తన చేత్తోనే గొట్టంలో కుక్కాడు.

“నువ్వు లేసి బయటికి పో. నేను మంట వెడ్త.”

ఈదమ్మ కదల్లేదు.

“ఇయ్యాల నువ్వు వెడ్తవ్. రేపు పనికి పోవా?” అంది.